డైలీ సీరియల్ షూటింగ్ షెడ్యూల్ మొదటి ఎపిసోడ్ నుంచి చివరిదాకా ఎలా మారుతుంది?

ప్రశ్న ఇది: సీరియల్ మొదలయ్యే ముందే నెల రోజుల ఎపిసోడ్లు తీసి పెట్టుకుంటారని కొందరు అంటారు, ఈ రోజు తీసింది రేపే వస్తుందని ఇంకొందరు అంటారు. ఏది నిజం? వెయ్యి ఎపిసోడ్లు దాటిన సీరియల్‌కి కూడా మొదటి నెలల్లో లాగే షూటింగ్ జరుగుతుందా? డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చేరబోయేవాళ్లు దేని మీద దృష్టి పెట్టాలి?

రెండూ నిజమే. ఒకటి సీరియల్ పుట్టినప్పటి మాట, రెండోది దానికి వయసు మీద పడ్డాక మాట. మధ్యలో ఉండే రెండు మూడేళ్ల పద్ధతి ఈ రెండింటికీ వేరు, నేర్చుకోవాల్సిన పని అంతా అక్కడే ఉంది. హైదరాబాద్‌లో తీసే తెలుగు డైలీ సీరియళ్ల గురించే చెబుతున్నాను. కింద ఇచ్చిన అంకెలు బడ్జెట్‌ని బట్టి, ఛానెల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి కానీ లెక్క వేసే తీరు మాత్రం మారదు.

ముందు ఆ లెక్క చూడండి. అరగంట స్లాట్‌లో యాడ్స్ పోగా ఎపిసోడ్‌కి 20 నుంచి 22 నిమిషాలు కావాలి. 21 అనుకుందాం. అందులో టైటిల్, నిన్న జరిగిన కథ, చివర రేపటి తునకలు కలిపి రెండు నిమిషాలు. కొత్తగా తీయాల్సింది 19. సోమవారం నుంచి శనివారం దాకా వస్తే నెలకు దాదాపు 26 ఎపిసోడ్లు, అంటే 26 × 19 = 494 నిమిషాల కొత్త ఫుటేజ్. ఒక యూనిట్ (షూటింగ్ బృందం) ఇండోర్‌లో పొద్దున్నుంచి రాత్రి ప్యాకప్ దాకా నిలకడగా పనిచేస్తే ఎడిట్ అయ్యాక మిగిలేది 18 నిమిషాలు. నెలలో 22 రోజులు తీసినా 396 దగ్గర ఆగుతుంది. మిగతా వందకి సెకండ్ యూనిట్, అంటే విడిగా తీసే ఇంకో బృందం పెట్టాలి. అది రోజుకి 12 నిమిషాల చొప్పున 8 రోజులు తీస్తే 96. రెండూ కలిపితే 492, అవసరానికి అంచున. ఒక్క రోజు కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి ఆరు నిమిషాలే వచ్చిందంటే ఆ లోటు బ్యాంక్‌లోంచే తీరాలి. బ్యాంక్ అంటే తీసి, ఎడిట్ చేసి, టెలికాస్ట్ కాకుండా చేతిలో ఉన్న ఎపిసోడ్లు. సీరియల్ షెడ్యూల్ గురించి ఎవరు ఏం అడిగినా అసలు జవాబు బ్యాంక్‌లో ఎన్ని ఉన్నాయన్నదే.

మొదటి ఎపిసోడ్ రాకముందు దశ హాయిగా ఉంటుంది. లుక్ టెస్ట్, ప్రోమో షూట్ అయ్యాక మొదటి షెడ్యూల్ వేస్తారు. రోజుకి 10 నుంచి 12 నిమిషాలు తీస్తే చాలు. గుడి, కాలేజీ, బస్టాండ్, పొలం గట్టు అన్నీ ఇక్కడే తీసేస్తారు. ఛానెల్ వాళ్లు మొదటి ఎపిసోడ్లు చూసి హీరోయిన్ జడ బాగాలేదనో, విలన్ ఎంట్రీ చప్పగా ఉందనో వెనక్కి పంపుతారు, మళ్లీ తీస్తారు. టెలికాస్ట్ మొదలయ్యే నాటికి చేతిలో 20–25 ఎపిసోడ్లు ఉంటే మంచి స్థితి. అయితే ఆ తేదీ మన చేతిలో ఉండదు. ఆ స్లాట్‌లో నడుస్తున్న పాత సీరియల్ ఎప్పుడు ముగుస్తుందో దాన్ని బట్టి మనది మొదలవుతుంది. అది ఇంకో నెల సాగితే మన బ్యాంక్ పెరుగుతుంది. దాన్ని హఠాత్తుగా ఆపేస్తే పది ఎపిసోడ్లతోనే గోదాలో దిగాలి.

కొత్తగా చేరినవాళ్లు ఈ దశలోనే చేసిపెట్టాల్సిన పని ఒకటుంది, స్టాక్ షాట్లు, అంటే ఒకసారి తీసి మళ్లీ మళ్లీ వాడుకునేవి. హీరో ఇంటి బయట పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి లైట్లతో. గేటులోంచి కారు లోపలికి రావడం, బయటికి వెళ్లడం, డ్రైవర్ ముఖం కనపడకుండా. హాస్పిటల్ బోర్డు, ఆఫీస్ బిల్డింగ్, పోలీస్ స్టేషన్, గుడి గోపురం. హాల్లో దేవుడి పటం ముందు దీపం. ఒక్కోటి 15 సెకన్లు నిలకడగా, ఒకసారి పాన్‌తో (కెమెరా పక్కకి తిప్పుతూ) ఒకసారి పాన్ లేకుండా. ఒక పూట పడుతుంది, రెండేళ్లు పనికొస్తుంది. తర్వాత ఇంటికి రంగు మార్చినా, కారు మార్చినా పాత షాట్లు పక్కన పెట్టి వెంటనే కొత్తవి తీయాలి. ఎడిటర్ చేతికి పాత ఫోల్డర్ దొరికితే సగం ఎపిసోడ్‌లో తెల్ల కారు, సగంలో నల్ల కారు వస్తుంది.

టెలికాస్ట్ మొదలైన రెండు మూడు నెలల్లో ఆ 25 ఎపిసోడ్ల బ్యాంక్ కరిగి 8కి వస్తుంది. బయటివాళ్లు దీన్ని ప్లానింగ్ లేకపోవడం అనుకుంటారు. నిజానికి సగం కావాలనే జరుగుతుంది. కారణం రేటింగ్.

రేటింగ్ కొలిచే సంస్థ బార్క్. దాని వారం శనివారం మొదలై శుక్రవారంతో ముగుస్తుంది, ఆ వారం అంకెలు తర్వాతి గురువారం వస్తాయి. నెల ఒకటో తేదీ సోమవారం అనుకోండి. ఆ రోజు కొత్త ట్రాక్ (కథలో కొత్త మలుపు) మొదలైంది. ఆ వారం 5వ తేదీ శుక్రవారంతో ముగిసి, అంకెలు 11వ తేదీ గురువారం చేతికొస్తాయి. ట్రాక్ జనానికి ఎక్కలేదని తేలింది. 12న ఛానెల్‌తో మీటింగ్. కథ, స్క్రీన్‌ప్లే, డైలాగ్ మార్చడానికి మూడు రోజులు. 16న షూటింగ్. ఎడిటింగ్, డబ్బింగ్, రీరికార్డింగ్, మిక్సింగ్ కలిపి ఇంకో మూడు రోజులు, అంటే కొత్త ఎపిసోడ్ 19 రాత్రికి రెడీ. ఇప్పుడు బ్యాంక్‌లో 12 ఎపిసోడ్లు ఉంటే అవి 25వ తేదీ దాకా నడుస్తాయి. తప్పు తెలిసిన తర్వాత కూడా రెండు వారాలు అదే ట్రాక్ జనానికి చూపిస్తాం. బ్యాంక్ 5 మాత్రమే ఉంటే 17తో అయిపోతుంది, 18న వేయడానికి ఏమీ ఉండదు. 7 ఉంటే 19 దాకా వచ్చి, 20వ తేదీ శనివారం కొత్తది వేయొచ్చు. అందుకే నడుస్తున్న సీరియల్‌కి 7 నుంచి 9 ఎపిసోడ్ల బ్యాంక్ ఆరోగ్యకరమని నేను గట్టిగా నమ్ముతాను. పదిహేను దాటితే కథ తిప్పుకోలేం, ఐదు కిందికి దిగితే ఒక ఆర్టిస్ట్‌కి జ్వరం వచ్చినా టెలికాస్ట్‌కి గండమే.

ఇంకో మార్పు కూడా గమనించాలి. ఒకప్పుడు రాత్రి ఏడున్నర ఎపిసోడ్‌ని ఆ మధ్యాహ్నానికి ఇచ్చి గట్టెక్కేవాళ్లు. ఛానెళ్లు తమ యాప్‌లో టీవీ కంటే ముందే ఎపిసోడ్ పెట్టడం మొదలుపెట్టాక గడువు ముందుకు జరిగింది. పొద్దున్నే యాప్‌లో పడాలంటే ముందు రాత్రికే ఫైల్ వెళ్లి, క్వాలిటీ చెక్ అయిపోవాలి. కాగితం మీద ఒక్క పూట తేడానే, కానీ బ్యాంక్ పలచగా ఉన్న సీరియల్‌కి ఆ పూటే ప్రాణం.

ఇక స్థిరపడిన దశ. రెండొందల ఎపిసోడ్ నుంచి ఎనిమిది వందల దాకా అనుకోండి. ఇక్కడ క్యాలెండర్‌ని నడిపేది కథ కాదు, ఆర్టిస్టుల డేట్స్. తెలుగు సీరియళ్లలో చాలామంది ముఖ్య నటులు బెంగళూరు నుంచి, కొందరు కేరళ, చెన్నైల నుంచి వస్తారు. నెలలో 12–15 రోజులు ఇక్కడ ఇచ్చి, మిగతా రోజులు అక్కడి సీరియల్‌కి ఇస్తారు. హైదరాబాద్‌లోనే ఉండేవాళ్లు కూడా రెండు సీరియళ్లు చేస్తుంటారు. హీరోయిన్‌కి 15, హీరోకి 12, అత్త పాత్రకి 8, తాతయ్య పాత్రకి 5 రోజులు ఉన్నాయనుకుంటే, వీళ్లందరూ ఒకే రోజు దొరికేది నెలలో రెండు మూడు రోజులే. ఆ రోజులకి ప్రొడక్షన్‌లో ఉన్న విలువ ఇంక దేనికీ ఉండదు. కో-డైరెక్టర్ ప్రతి నెలా 25వ తేదీలోపు వచ్చే నెల డేట్స్ అన్నీ తెప్పించుకుని ఒక చార్ట్ వేస్తాడు. అడ్డంగా తేదీలు, నిలువుగా పాత్రల పేర్లు, ఉన్న రోజుకి టిక్కు, సగం రోజుకి సగం గీత, ఊరు వెళ్లే రోజుకి ఫ్లైట్ టైమ్. దాని కింద ఏ రోజు ఎవరెవరి కాంబినేషన్ దొరుకుతుందో రాస్తారు. రైటర్‌కి వెళ్లే మొదటి కాగితం ఇదే. పెళ్లి పీటల మీద అందరూ ఉండాల్సిన సీన్ ఏ ఎపిసోడ్‌లో పడాలో చాలాసార్లు ఈ చార్ట్ చెబుతుంది.

ఆ చార్ట్‌లో ఖాళీ పడినప్పుడు ఏం చేస్తారో ఒక సీన్ దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. డైనింగ్ టేబుల్ దగ్గర తొమ్మిది మంది, అల్లుడి బండారం బయటపడే ఐదు నిమిషాల సీన్. అత్త పాత్రధారి 14న సాయంత్రం నాలుగు దాకానే ఉంటారు, తర్వాత బెంగళూరు ఫ్లైట్. హీరోయిన్ తల్లి పాత్రధారి 16న గానీ రారు. మిగతా ఏడుగురు రెండు రోజులూ ఉన్నారు.

14 పొద్దున ఎనిమిది మందితో మాస్టర్ షాట్, అంటే అందరూ కనపడేలా సీన్ మొత్తం తీస్తారు. తల్లి కూర్చోవాల్సిన కుర్చీ కెమెరాకి వీపు పెట్టేలా వేసి, అదే చీర, అదే ముడితో ఒక జూనియర్ ఆర్టిస్ట్‌ని కూర్చోబెడతారు. మాస్టర్ అవగానే మొత్తం సీన్‌లో అత్త క్లోజప్‌లు అన్నీ వరసగా లాగేస్తారు. తల్లి చెప్పాల్సిన డైలాగులు పక్కనుంచి ప్రాంప్టర్ చదువుతుంటే అత్త స్పందించాలి. అవి కాక ఏ డైలాగ్‌కీ కట్టుబడని రియాక్షన్లు మూడు: తెల్లబోవడం, కోపంగా చూపు తిప్పడం, తల దించుకోవడం. ఒక్కోటి 10–15 సెకన్లు. రేపు రైటర్ ఒక లైన్ మార్చినా ఎడిటర్‌ని కాపాడేవి ఈ మూడే. 16న తల్లి వచ్చాక అదే కర్టెన్ వెనకాల పెట్టి, అదే లెన్స్, అదే కెమెరా ఎత్తుతో ఆవిడ క్లోజప్‌లు తీసి మధ్యలో అతికిస్తారు.

ఇందులో దెబ్బ తినేవి ఎప్పుడూ అవే. మొదటిది లుక్, అంటే చూపు ఎటు ఉందన్నది. అత్త కెమెరాకి కుడివైపు చూసి మాట్లాడితే తల్లి ఎడమవైపు చూడాలి. ఇద్దరూ ఒకే వైపు చూస్తే ఇద్దరూ మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. 14నే నేల మీద టేప్ అంటించి, ఎవరి లుక్ ఎటో స్క్రిప్ట్ పేపర్ మీద బాణం గుర్తుతో రాసి పెట్టుకోవాలి. రెండోది వెలుతురు. అత్త షాట్లు మధ్యాహ్నం మూడుకి, తల్లి షాట్లు రాత్రి ఏడుకి తీస్తారు. అందుకే మొదటి షాట్ నుంచే కిటికీ మూసేసి, బయటి వెలుతురు వస్తున్నట్టు లైట్ పెట్టుకోవాలి. సహజ వెలుతురు బాగుంది కదా అని వాడుకుంటే రెండు రోజుల తర్వాత అది దొరకదు. మూడోది పళ్లెంలో అన్నం. తినకముందు, సగం తిన్నాక, లేచేముందు మూడు దశల్లో ఫొటోలు తీయాలి. గోడ గడియారం బ్యాటరీ తీసేసి సీన్‌కి కావలసిన టైమ్‌కి పెట్టాలి. ఫ్యాన్ తిరుగుతోందో లేదో రాసుకోవాలి. టేబుల్ నాలుగు మూలల నుంచి నాలుగు ఫొటోలు తీసి, ఎపిసోడ్ నంబర్, సీన్ నంబర్ పేరుతో సేవ్ చేయకపోతే 16న అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే.

కాస్ట్యూమ్ విషయం చాలామంది తక్కువ అంచనా వేస్తారు. కథలో ఒకే రోజు ఎనిమిది పది ఎపిసోడ్లు సాగడం ప్రేక్షకులకి విసుగు తెప్పిస్తుంది, నిజమే. కానీ షెడ్యూల్ వైపు నుంచి చూడండి: అందరూ ఒకే డ్రెస్‌లో ఉంటే 14న తీసిన ముక్కని 22న తీసిన ముక్కతో కలపొచ్చు, ఒక సీన్‌ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. డ్రెస్ మారిందంటే ఆ వెసులుబాటు పోయింది. అందుకని ప్రతి కథారోజుకీ ఒక నంబర్ ఇస్తారు. ఆ రోజు చీర, బ్లౌజ్, గాజులు, కమ్మలు, బొట్టు రంగు, పూలు అన్నీ ఆ నంబర్ రాసిన ఒకే కవర్‌లో ఉండాలి. ఎపిసోడ్ టెలికాస్ట్ అయ్యేదాకా ఆ కవర్ తిరిగి వాడకానికి వెళ్లకూడదు. గాయం కట్టు ఏ చేతికి ఉందో, తాళిబొట్టు చీర పైన ఉందో లోపల ఉందో కూడా ఫొటోలో కనపడాలి. ఆర్టిస్ట్ సొంత చీర కట్టుకొచ్చి దాన్ని ఇంటికి తీసుకెళ్లిపోయిన సందర్భాల్లోనే ఎక్కువ ప్యాచ్‌వర్క్‌లు (మిగిలిపోయిన ముక్కలు తర్వాత తీయడం) ఆగిపోతాయి.

భాష రానివాళ్లకి డబ్బింగ్ తప్పదు కదా, ఆ డబ్బింగ్ ఆర్టిస్టుల డేట్స్ కూడా చార్ట్‌లో వేయాలి. ఒకే గొంతు మూడు నాలుగు సీరియళ్లలో వినిపిస్తుంటుంది. ఆ డబ్బింగ్ ఆర్టిస్ట్ ఊళ్లో లేని మూడు రోజుల్లో షూటింగ్ అయిపోయినా ఎపిసోడ్ అవ్వదు.

ఏడాదిలో కొన్ని రోజులు ఎలాగూ పోతాయి. ప్రతి నెలా రెండో ఆదివారం యూనియన్ల సెలవు, ఆ రోజు పని పెడితే డబుల్ కాల్‌షీట్, అంటే రెట్టింపు చెల్లింపు. సంక్రాంతికి, దసరాకి సొంతూళ్లకి వెళ్లేవాళ్లు ఉంటారు. దానికి తోడు పండగ ఈవెంట్లు, పరివారం అవార్డులు అంటూ ఛానెల్ ముఖ్య నటులని తీసుకుంటుంది. ఈవెంట్ ఒక్క రోజే అయినా డాన్స్ రిహార్సల్స్ కలిపి మూడు రోజులు లెక్క వేసుకోండి. ఈ నష్టం తట్టుకోవాలంటే వినాయక చవితి నాటికే బ్యాంక్ రెండు మూడు ఎపిసోడ్లు పెంచడం మొదలుపెట్టాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఔట్‌డోర్ పెట్టిన ప్రతి రోజూ పక్కన ఒక ఇండోర్ సీన్, దానికి కావలసిన కాస్ట్యూమ్‌తో సహా సిద్ధంగా ఉండాలి. వాన పడగానే యూనిట్ మొత్తం ఇంట్లోకి వచ్చేయాలి, అరగంట కూడా ఖాళీగా కూర్చోకూడదు.

సీరియల్లో పెళ్లి ఎప్పుడు తీస్తారని చాలామంది అడుగుతారు. వీలైతే ఆషాఢంలోనో, మూఢంలోనో. బయట పెళ్లిళ్లు లేనప్పుడే ఫంక్షన్ హాల్ వరసగా ఐదారు రోజులు దొరుకుతుంది, పూలు, డెకరేషన్ వాళ్లు రేటు దిగుతారు. మంచి ముహూర్తాల సీజన్‌లో ట్రాక్ పెళ్లి దాకా వచ్చేస్తే హాల్ దొరక్క ఇంటి పెరట్లోనే పందిరి వేసి కానిచ్చేస్తారు. మహా సంగమం పేరుతో రెండు సీరియళ్లు కలిపినప్పుడైతే ఇబ్బంది రెండింతలు కాదు, అంతకంటే ఎక్కువ. రెండు చార్ట్‌లు ఒకదానిమీద ఒకటి పెడితే అందరూ దొరికే రోజు ఒక్కటే మిగులుతుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. ఇద్దరు డైరెక్టర్లు, రెండు కంటిన్యుటీ పుస్తకాలు (ఏ షాట్‌లో ఏది ఎలా ఉందో రాసుకునేవి). ఎవరి ఇంట్లో జరిగే సీన్‌కి ఆ సీరియల్ యూనిట్ బాధ్యత అని ముందే రాసుకోకపోతే చివరికి ఫుటేజ్ ఎవరి హార్డ్‌డిస్క్‌లో ఉందో కూడా తెలియదు.

ఇక పెద్ద మార్పులు వచ్చేది మూడో ఏడాది తర్వాత. ముఖ్య నటులకి పేరు వస్తుంది, సినిమా అవకాశాలు, షోలు వస్తాయి, పెళ్లిళ్లు అవుతాయి, హీరోయిన్ గర్భవతి అవుతుంది. నెలకి 15 రోజులు ఇచ్చినవాళ్లు 8 రోజులు ఇస్తారు. అప్పుడు కథలో వాళ్లు కోమాలోకి వెళ్తారు, జైలుకి వెళ్తారు, అమెరికా వెళ్తారు. కోమా అయితే మంచం మీద ఒక్క రోజులో పది ఎపిసోడ్లకి సరిపడా షాట్లు తీయొచ్చు. ఫోన్లో మాట్లాడే సీన్లు అయితే ఒక గోడ ముందు నిలబెట్టి రెండు గంటల్లో ఎనిమిది కాల్స్ తీసేయొచ్చు. గర్భం కనపడకుండా నడుము పైనుంచి ఫ్రేమ్ పెట్టడం, చేతిలో పూజ పళ్లెమో, బ్యాగో ఉంచడం, కూర్చోబెట్టి తీయడం అందరూ చేసేవే. ఆ నటికి రోజుకి పది గంటల పని పెట్టకుండా, ఆవిడ సీన్లు మధ్యాహ్నంలోపు ముగించడం మాత్రం కో-డైరెక్టర్ తన బాధ్యతగా తీసుకోవాలి.

నటులు పూర్తిగా తప్పుకుంటే రెండు దార్లు. ఒకటి అదే పాత్రలో కొత్త ముఖం. దీనికి కనీసం 10 రోజుల బ్యాంక్ ఉండాలి, ఎందుకంటే కొత్తవారికి లుక్ టెస్ట్, ఛానెల్ ఒప్పుకోలు, కాస్ట్యూమ్స్ కుట్టించడం అన్నీ అందులోనే అవ్వాలి. గోడ మీది పెళ్లి ఫొటో మార్చడం మరిచిపోతే ఎపిసోడ్ మొత్తం పాత ముఖం వెనకాల కనపడుతూనే ఉంటుంది. రెండోది తరం మార్చేయడం. స్టార్ మాలో కార్తీక దీపం 2017 అక్టోబర్ 16న మొదలై 2023 జనవరి 23 దాకా 1569 ఎపిసోడ్లు నడిచింది. 2022లో అందులో కార్తీక్, దీప పాత్రలు ప్రమాదంలో పోయినట్టు చూపించి, పిల్లలు శౌర్య, హిమ పెద్దవాళ్లయినట్టు కథని ముందుకు దూకించారు. అదే ఏడాది మళ్లీ దీప, కార్తీక్ పాత్రలు తిరిగొచ్చాయి. షెడ్యూల్ కళ్లతో చూస్తే ఇలా కథ దూకిన ప్రతిసారీ సీరియల్ మళ్లీ మొదటి నెలకి వెళ్తుంది: కొత్త డేట్స్, కొత్త చార్ట్, కొత్త ఇల్లు, పనికిరాని స్టాక్ షాట్లు. తేడా ఒక్కటే, మొదటిసారి టెలికాస్ట్ ఇంకా మొదలు కాలేదు, ఈసారి రోజూ నడుస్తూనే ఉంటుంది. అందుకే దూకే ముందు రెండు వారాలు పాత తరం కథని సాగదీసి, సెకండ్ యూనిట్‌తో కొత్త తరం ఎపిసోడ్లు తీస్తారు.

మొత్తం వ్యవస్థ ఒకేసారి ఆగింది మాత్రం 2020లో. మార్చిలో షూటింగులు ఆగాయి, బ్యాంక్‌లో ఉన్నవి కొద్ది రోజుల్లో అయిపోయాయి, తర్వాత పాత ఎపిసోడ్లే మళ్లీ వేశారు. జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇచ్చాక తక్కువ మందితో మళ్లీ మొదలుపెట్టారు. ఒక ఫ్రేమ్‌లో ఇద్దరు ముగ్గురే ఉండేలా సీన్లు రాయడం, ఎదురెదురు క్లోజప్‌లు విడివిడిగా తీయడం అప్పుడు తప్పనిసరి అయింది. ఖర్చు తగ్గిందని చూశాక ఆ అలవాటు చాలాచోట్ల అలాగే ఉండిపోయింది. తెర మీద కుటుంబం కుటుంబంలా కనపడకపోవడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం. నెలకి రెండు నిండు కాంబినేషన్ రోజులైనా కాపాడుకోవాలి.

బ్యాంక్ రెండుకి పడిపోయినప్పుడు ఏం చేయాలి? ముందు చేయకూడనిది: అదే యూనిట్‌ని వరసగా నాలుగు రాత్రులు తీయించడం. మూడో రాత్రి నుంచి రోజుకి వచ్చే నిమిషాలు తగ్గుతాయి, లైట్‌మన్ నుంచి హీరోయిన్ దాకా అందరూ అలసిపోతారు, తప్పులు పెరిగి మళ్లీ తీయాల్సి వస్తుంది. చేయాల్సింది రెండో కెమెరా, రెండో యూనిట్ తెప్పించి ఒకే ఇంట్లో పైన ఒక సీన్, కింద ఒక సీన్ నడపడం. లైవ్ సౌండ్ (సెట్‌లోనే మాటలు రికార్డ్ చేయడం) తీసే సీరియల్ అయితే ఇది కుదరదు, పక్కపక్క ఇళ్లు కావాలి. రైటర్ ఇద్దరు ముగ్గురు పాత్రలతో, ఒకే గదిలో నడిచే పొడవు సీన్లు రాయాలి. పది షాట్ల మూడు చిన్న సీన్ల కంటే ఐదు నిమిషాల ఒక సీన్ త్వరగా అవుతుంది, లైటింగ్ ఒక్కసారే మార్చాలి కాబట్టి. ఎడిటర్ రీక్యాప్‌ని (నిన్న జరిగిన కథని) నిమిషం నుంచి రెండున్నరకి పెంచుతాడు, ఒక పాత ఫ్లాష్‌బ్యాక్ వేస్తాడు, ముగ్గురి ముఖాల మీద మూడేసి సార్లు జూమ్ వేస్తాడు. ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకి ఇవన్నీ ఒకే వారంలో కనపడితే ఆ సీరియల్ బ్యాంక్ అడుగంటిందని తెలుసుకోవచ్చు. ఇలా మూడు వారాలకి మించి నడిపితే రేటింగ్ పడుతుంది, అప్పుడు ఛానెల్ కథ మార్చమంటుంది, ఉన్న రెండు ఎపిసోడ్లూ చెత్తబుట్టలోకి పోతాయి.

ప్రైమ్ టైమ్ నుంచి మధ్యాహ్నం స్లాట్‌కి మార్చారంటే ఎపిసోడ్‌కి ఇచ్చే డబ్బు తగ్గిందని అర్థం. అప్పుడు షెడ్యూల్ గుర్తుపట్టలేనంత మారుతుంది. నెలకి 22 రోజుల షూటింగ్ 14 రోజులకి వస్తుంది, సెకండ్ యూనిట్ పోతుంది, రోజుకి దాదాపు 35 నిమిషాలు తీయాలి. నటులకి రోజు లెక్కన చెల్లింపు కాబట్టి పాత్రల్ని తగ్గిస్తారు. ఔట్‌డోర్ ఉండదు, మార్కెట్‌కి వెళ్లొచ్చానని డైలాగ్ ఉంటుంది. ఈ దశలో చెల్లింపులు ఆలస్యమైతే ఆర్టిస్టులు మంచి తేదీలు వేరే సీరియల్‌కి ఇచ్చి, మిగిలినవి మనకి ఇస్తారు, చార్ట్ ఇంకా చెదురుతుంది. ఇల్లు కూడా సమస్యే. ఏళ్ల తరబడి వాడిన షూటింగ్ హౌస్ ఓనర్ అమ్మేస్తాననో, అద్దె పెంచుతాననో అంటే కథలో కుటుంబం ఆస్తి పోగొట్టుకుని అద్దె ఇంటికి మారుతుంది. అలాంటి కబురు వచ్చిన రోజే పాత ఇంటి హాలు, మెట్లు, హీరో గది నాలుగు వైపులా ఖాళీగా తీసిపెట్టుకోండి, ఫ్లాష్‌బ్యాక్ కోసం నటుల్ని గ్రీన్ మ్యాట్ (పచ్చ తెర) ముందు తీసి, వాళ్ల వెనకాల ఆ షాట్లు వేసుకోవడానికి.

ముగింపు దగ్గర షెడ్యూల్ మళ్లీ బిగుస్తుంది. ఛానెల్ నుంచి ముగించమని మాట వచ్చేది మహా అయితే నెల ముందు. కొత్త సీరియల్ సిద్ధం కాలేదంటే ఇంకో రెండు వారాలు సాగదీయమంటారు, దానికి తగ్గ కథ ఒకటి పక్కన పెట్టుకోవాలి. చివరి ఆరేడు ఎపిసోడ్లకి అందరూ కావాలి, కానీ అప్పటికి అందరూ వేరే చోట డేట్స్ ఇచ్చేసి ఉంటారు. కాబట్టి చార్ట్ తిరగేసి వేయాలి: అందరూ దొరికే ఒకటి రెండు రోజులు ముందు పట్టుకుని చిట్టచివరి ఎపిసోడ్‌నే మొదట తీసేయాలి, దానికి ముందువి తర్వాత తీసుకోవచ్చు. విలన్ పశ్చాత్తాపం, శుభం కార్డుకి ముందు ఫొటో అందులోనే. ఆఖరి ప్యాకప్ చెప్పిన రోజే ఇల్లు ఖాళీ చేసి, అద్దె కాస్ట్యూమ్స్ వెనక్కి పంపేయాలని మేనేజర్ తొందర పెడతాడు. ఒప్పుకోవద్దు. చివరి ఎపిసోడ్ ఎడిట్ లాక్ అయి (ఇక మార్పులు లేకుండా ఖాయమై), ఛానెల్ ఓకే చెప్పేదాకా హాల్లో ఒక మూల సెట్ ప్రాపర్టీ, చివరి మూడు కథారోజుల కవర్లు, ముఖ్యమైన ఇద్దరు ఆర్టిస్టుల నుంచి ఒక్కో సగం రోజు ప్యాచ్‌వర్క్ కోసం అట్టిపెట్టుకోవాలి.